బెంగ కాదు, గడ్డ

నా భర్త చావుకీ, నా గుండె చుట్టూ ఉండే పొర మీద పెరిగిన గడ్డకీ ఏ సంబంధమూ లేదు. ఈ ఒక్క మాట నిలబెట్టడానికే ఇదంతా రాస్తున్నాను. నా మేలు కోరే చాలామంది ఆ రెంటినీ కలిపి చూశారు. ఇప్పటికీ చూస్తున్నారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. కానీ ఒప్పుకోను.

మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో డాక్యుమెంటేషన్ రాయడం నా ఉద్యోగం. కంపెనీ తయారుచేసిన దాన్ని ఎలా వాడాలో, వాడేవాళ్ళకి అర్థమయ్యేలా రాయాలి. ఈ పనిలో మొదట నేర్చుకునేది, ఒక వాక్యంలో ఒక్క సంగతే చెప్పాలని. రెండు సంగతులు పెడితే చదివేవాళ్ళు ఒకటి పట్టుకుని రెండోది వదిలేస్తారు. డాక్టర్ల గదుల్లో నాకు జరిగింది అదే.

మార్చి నుంచి జూన్ దాకా

మార్చిలో రవీందర్ పోయాడు. ఔటర్ రింగ్ రోడ్డు మీద, పని చూసుకుని ఇంటికి వస్తూ. దాని గురించి ఇక్కడ ఇంతకన్నా రాయను. మియాపూర్ ఫ్లాట్‌లో నేనూ మా అత్తమ్మా మిగిలాం. మాకు పిల్లలు లేరు. అత్తమ్మది నల్లగొండ వైపు. మామయ్య పోయినప్పటి నుంచీ కొడుకు దగ్గరే ఉంటోంది. నాది తెనాలి దగ్గర ఊరు. పెళ్ళయిన కొత్తలో నేను అండీ అన్నప్పుడల్లా, ఇంట్ల గూడ ఆఫీసరు లెక్క మాట్లాడుతదని కొడుకుతో చెప్పి నవ్వేది. రవీందర్ పోయాక ఆ ఇంట్లో మాటే తగ్గిపోయింది. ఆమె వంటింట్లో, నేను పుస్తకాల దగ్గర. ఇద్దరికీ పోయింది ఒకే మనిషి అయినా, ఎవరి ఏడుపు వాళ్ళం చాటుగా ఏడ్చుకునేవాళ్ళం.

జూన్‌లో మళ్ళీ ఆఫీసుకి వెళ్ళడం మొదలుపెట్టాను. అమీర్‌పేటలో మెట్రో రైలు మారాలి. అక్కడి మెట్లు ఇన్నేళ్ళుగా ఎక్కినవే. ఇప్పుడు సగం ఎక్కేసరికి ఊపిరి అందడం లేదు. పక్కకి జరిగి రెయిలింగ్ పట్టుకుని నిలబడేదాన్ని. ఛాతీ మధ్యలో ఏదో అదిమినట్టు ఉండేది. నొప్పి అనలేను. లోపల చోటు తక్కువైనట్టు ఉండేది.

ఆఫీసులో మధ్యాహ్నానికి అది ఎక్కువయ్యేది. కుర్చీలో వెనక్కి వాలితే ఇంకా ఎక్కువ. ముందుకు వంగి, బల్ల మీద చేతులు పెట్టుకుని, వాటి మీద నుదురు ఆనిస్తే తగ్గేది. అలా కాసేపు ఉండి లేచి పని చేసుకునేదాన్ని. ఒక రోజు లేచి చూస్తే కీబోర్డు పక్కన ఎవరో టిష్యూ పేపర్ల ప్యాకెట్ పెట్టి వెళ్ళారు. నేను ఏడుస్తున్నాననుకున్నారు. అవి పెట్టిన మనిషి మంచి మనసుతోనే పెట్టారు. అప్పటి నుంచి నేను వంగితే చుట్టుపక్కల వాళ్ళు మర్యాదగా ముఖం తిప్పుకునేవాళ్ళు.

జూలై

మా అన్నయ్య తెల్లాపూర్‌లో ఉంటాడు. నాన్న పోయిన దగ్గర నుంచి అన్నిటికీ అతనే. కొండాపూర్‌లో తనకి తెలిసిన డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. వెయిటింగ్ హాల్లో సగం మంది ల్యాప్‌టాప్‌లు ఒళ్ళో పెట్టుకుని మీటింగుల్లో ఉన్నారు. ఒకాయన చేతికి సెలైన్ సూదితోనే, ఈ రిలీజు శుక్రవారానికి అవదని ఎవరికో చెబుతున్నాడు. నా వంతు వచ్చింది. నేను నోరు తెరిచేలోపే అన్నయ్య అందుకున్నాడు.

"మా చెల్లెలండీ. ఈమధ్యనే మా బావగారు యాక్సిడెంట్లో పోయారండీ. అప్పట్నుంచీ ఊపిరాడట్లేదంటోంది."

డాక్టరు కలం కింద పెట్టారు. ఆ కదలిక నాకు బాగా గుర్తు. చాలా జాలిగా చూశారు. ఈసీజీ తీయించారు, కొంచెం తేడాగా ఉన్నా కంగారు పడేది కాదన్నారు. నిద్రకి ఒకటి, ఆందోళనకి ఒకటి మాత్ర రాశారు. ఎక్స్‌రే తీస్తారా అని అడిగాను. మీకిప్పుడు కావలసింది పరీక్షలు కాదమ్మా, మనుషులు అన్నారు. మంచి మాటే. వేరే ఎవరికైనా అయితే సరిపోయేది.

తర్వాత ఇంకో డాక్టరు. అక్కడా మొదటి వాక్యం అదే, అన్నయ్యే చెప్పాడు. అక్కడా కలం కిందికి దిగింది. ఆఫీసు వాళ్ళు వీడియోలో కౌన్సెలర్‌ని ఏర్పాటు చేశారు. ఆమె, మీ శరీరం దుఃఖాన్ని మోస్తోంది, దాన్ని మోయనివ్వండి అంది. రవీందర్ పోయాక నేను చదివిన పుస్తకాల్లోనూ బరువు ఎప్పుడూ ఛాతీ మీదే ఉంటుంది. మన భాషలో దుఃఖమంతా గుండెకే అప్పజెప్పాం. అది బరువెక్కుతుంది, చెరువవుతుంది, పగులుతుంది. నిజంగా గుండె మీద బరువు పడ్డ మనిషి చెప్పుకోడానికి ఒక్క మాట మిగల్చలేదు. నేను ఏ మాట వాడినా అవతలివాళ్ళకి అది వర్ణనలాగే వినపడేది.

అందుకని ఏడవడం మానేశాను. ఒంటరిగా ఉన్నప్పుడు కూడా. ఎవరైనా చూస్తే, ఇదిగో చూశారా, ఇదే అసలు కారణం అంటారని భయం. భర్త పోయిన మనిషి ఏడవడానికి భయపడాల్సి రావడం నాకు అప్పుడు వింతగా తోచలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఆగస్టు

పడుకోవడం కుదరలేదు. వెల్లకిలా పడుకుంటే మునిగిపోతున్నట్టు ఉండేది. డైనింగ్ టేబుల్ మీద దిండ్లు పేర్చి, కుర్చీలో కూర్చుని, వాటి మీదికి వంగి నిద్రపోయేదాన్ని. పాదాలు వాచాయి. చెప్పులు పట్టలేదు.

మొదట్లో అత్తమ్మ తిట్టింది. గిట్ల కూసొని కూసొని వాణ్ణి తల్సుకుంటుంటే వాడొస్తడా అంది. ఒక ఉదయం రెండు గ్లాసుల్లో కాఫీ తెచ్చి, ఒకటి నా ముందు పెట్టి, ఎదురు కుర్చీలో కూర్చుని చాలాసేపు నన్నే చూసింది. సుజాతా, పండుకోబుద్ధైతుందా అని అడిగింది. అవుతుందన్నాను. పొద్దున లేవంగనే ఏం యాదికొస్తదని అడిగింది. నిజం చెప్పాను. రవీందర్ గుర్తొస్తాడు, కానీ అతను గుర్తొచ్చినప్పుడు ఈ బరువు పెరగదు, మర్చిపోయినప్పుడు తగ్గదు. ముందుకు వంగితే తగ్గుతుంది, వెనక్కి వాలితే పెరుగుతుంది. దుఃఖం అయితే ఎటు వాలినా ఒకేలా ఉండాలి కదా అన్నాను.

ఆమె గ్లాసు బల్ల మీద పెట్టింది.

"వాడు నా కడుపున పుట్టిండు. నేను గూడ ఏడుస్తున్న. నాకు మంచిగనే ఊపిరాడుతుంది. మూడంతస్తులు ఎక్కొస్తున్న. నాకు లేని ఆయాసం నీకేంది?"

తర్వాత ఇంకో మాట అంది. నీకేమన్న నా కంటే ఎక్కువ ప్రేముందా వాని మీద, అని. ఎగతాళిగానే అంది. ఆ నెలల్లో నేను నవ్విన ఒకే ఒక్కసారి అదే. నవ్వితే దగ్గు వచ్చింది.

ఇగ వేరే దవాఖానకు పోదాం అంది. మీ అన్న వద్దు, మనమిద్దరమే పోదామంది. బయలుదేరే ముందు నా ముఖం చూసి ఆగిపోయింది. మా బాత్‌రూమ్ అద్దం మీద నా బొట్టుబిళ్ళలు మార్చి నుంచీ అలాగే అంటుకుని ఉన్నాయి. పదకొండో రోజు తర్వాత నేను బొట్టు పెట్టుకోలేదు. ఎవరూ వద్దనలేదు, నాకే చెయ్యి వెళ్ళలేదు. ఆమె లోపలికి వెళ్ళి అద్దం మీది బిళ్ళ ఒకటి గోటితో తీసుకొచ్చింది. జిగురు ఎండిపోయింది. అంటుకోడానికి కాటుక డబ్బాలోంచి కొంచెం రాసి, నా నుదుటి మీద నొక్కి పట్టుకుంది.

తప్పు కాదా అత్తమ్మా అని అడిగాను.

"తప్పో ఒప్పో నేను జూసుకుంట. మొగుడు పోయిండని ముఖం మీద రాసుంటే వాళ్ళకి ఇంకేం కనబడ్తలేదు. నువ్వు జర నోరు మూసుకొని కూసో."

పాతికేళ్ళుగా బొట్టు లేని మనిషి నాకు బొట్టు పెట్టింది.

సెప్టెంబరు

గచ్చిబౌలి వైపు పెద్ద ఆసుపత్రి. టోకెన్ నంబరు తెర మీద వచ్చేదాకా కూర్చున్నాం. కుర్చీల్లో వెనక్కి వాలలేక నేను మోకాళ్ళ మీద మోచేతులు పెట్టుకుని వంగి ఉన్నాను. పక్కన కూర్చున్న ఒకావిడ ఏమీ అడక్కుండా తన బ్యాగు తీసి నా ఒళ్ళో పెట్టింది, దాని మీద వాలడానికి. ఆమె పేరు తెలీదు. వాళ్ళ పిలుపు వచ్చినప్పుడు, వెళ్ళొస్తానమ్మా అని బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది.

గుండె డాక్టరు యాభై దాటిన మనిషి, పెద్దగా మాట్లాడరు. మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే ఎక్కువ, వంగితే తక్కువ, పాదాల వాపు. అంతే చెప్పాను. ఒక్కో వాక్యంలో ఒక్కో సంగతి. ఆయన కలం ఆగలేదు. మెడ మీద నరం చూశారు, వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. మీవారేం చేస్తారమ్మా అని మధ్యలో మామూలుగా అడిగారు.

అత్తమ్మ తడుముకోకుండా చెప్పింది. "ఊరికి పోయిండు సార్."

అదే రోజు ఎకో తీశారు. చల్లటి జిగురు రాసి, నన్ను పక్కకి తిప్పి, తెర చూస్తూ డాక్టరు ఇంకో డాక్టరుని పిలిచారు. గుండె చుట్టూ ఒక సంచీలాంటి పొర ఉంటుందట, అందులో చాలా నీరు చేరిందట. గుండె విచ్చుకోడానికి చోటు లేక కొట్టుకుంటోంది. లోపల చోటు తక్కువైనట్టుందని నేను జూన్ నుంచీ చెబుతున్నదే. ఇంటికి వెళ్ళనివ్వలేదు. సూది పెట్టి ఆ నీరు తీసేశారు. తీస్తుండగానే ఊపిరి లోపలికి వెళ్ళింది. అంత తేలికగా వెళ్ళే వస్తువని మర్చిపోయాను. ఆ నీటిలో రక్తం కలిసి ఉంది.

మన దగ్గర గుండె చుట్టూ నీరు చేరితే ముందు క్షయ అనుకుంటారు, చాలాసార్లు అదే అవుతుంది కూడా. మాత్రలు మొదలుపెట్టి చూద్దామా అని ఒక చిన్న డాక్టరు అన్నారు. పెద్దాయన, పరీక్షల్లో ఎక్కడా క్షయ కనబడలేదు, కొద్దిగా ఆగుదాం అన్నారు. పది రోజులు గడవకముందే నీరు మళ్ళీ చేరింది. ఇది ఊరికే చేరే నీరు కాదని, ఎంఆర్ఐ రాశారు.

ఆ యంత్రంలో వెల్లకిలా పడుకోవాలి. ఊపిరి పట్టమంటే పట్టాలి. నాకు రవీందర్ గుర్తురాలేదు. నాకు బతకాలనిపించింది, అంతే. దానికి నేను ఎవరికీ క్షమాపణ చెప్పను.

అక్టోబరు

గడ్డ. గుండె పైపొరకి అంటుకుని, పెద్ద రక్తనాళాలు బయటికి వచ్చే చోట, నిమ్మకాయ కన్నా పెద్దది. డాక్టరు బొమ్మ గీసి చూపించారు. గుండెలో గడ్డలే అరుదు, ఈ పొరలో మొదలయ్యేవి మరీ అరుదు, నా సర్వీసు మొత్తంలో వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని చూశాను అన్నారు. ఏ రకమో తెలియాలి. కొన్ని రకాలు తీసేస్తే పోతాయి. కొన్నిటికి మా దగ్గర మంచి మందు లేదు అన్నారు. సూదితో ముక్క తీశారు, అది చాలలేదు. ఏ రకమో చెప్పలేమని రిపోర్టు వచ్చింది.

అప్పుడు అన్నయ్యకి చెప్పాను. వచ్చాడు. సోఫాలో కూర్చుని, నేనే కదా ప్రతిచోటా బావగారి సంగతి ముందు చెప్పింది అని తలపట్టుకున్నాడు. కాసేపటికి ఆ బాధ కోపంగా మారింది. ఇప్పటికైనా తెల్లాపూర్ వచ్చేయి, ఇక్కడ నిన్ను చూసేవాళ్ళెవరు అన్నాడు. వంటింట్లోంచి గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అత్తమ్మ కొంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. తీస్కపో నాయనా, నేనేం అడ్డం పడ్తలేను, కానీ పొద్దున ఎవరు లేపి కూసోబెడ్తరు, మీ ఇంట్ల అందరు తొమ్మిది కొట్టంగనే ఆఫీసులకు పోతరు గదా అంది. నేను ఇక్కడే ఉంటానన్నాను. ఆ రోజు భోజనాల దగ్గర ఆమె అతనికి రెండోసారి పప్పు వడ్డించింది, అడక్కుండానే. వాళ్ళ రాజీ అంతే.

నేను చదవగలిగినంత చదివాను. ఇన్నాళ్ళూ చదువు నాకు ఆసరా. ఈసారి కాలేదు. ఒక రకం గురించి చదివినప్పుడు, ఆ రోగులు బతికే కాలం నెలల్లో రాసి ఉంది. ఫోను మూసేశాను. నాది ఆ రకమని ఎవరూ చెప్పలేదు, కాబట్టి ఆ నెలలు నావి కావు. వాటిని ముందుగా తెచ్చుకుని అనుభవించనని అనుకున్నాను. అనుకున్నంత తేలిక కాలేదు. అయినా చాలా రోజులు ఆ మాట మీదే నిలబడ్డాను.

రకం ఏదైనా కోసి తీయాల్సిందే అన్నారు. ఛాతీ ఎముక కోసి, గడ్డతో పాటు ఆ పొరలో చాలా భాగం తీసేస్తారు. ఆ పొర లేకుండా గుండె పనిచేస్తుందా అని అడిగాను. చేస్తుంది, చాలామందికి చేస్తోంది అన్నారు సర్జన్. ఆయన చిన్నవాడు, నలభై ఉండవు. ఆపరేషన్ ముందు ఇంట్లోవాళ్ళతో మాట్లాడాలి, ప్రమాదం ఎంతో చెప్పాలి, మీ భర్తగారిని పిలవండి అన్నారు.

ఆ వార్డులో నర్సులకి అప్పటికే ఇది వేళాకోళమైంది. సార్ ఇంకా ఊర్నుంచి రాలేదా అమ్మా, అంత పెద్ద ఊరా అనేవాళ్ళు. అత్తమ్మ ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పేది. పొలం పని ఉంది, బస్సు దొరకలే, రేపొస్తడు. రోజూ కొడుకు రేపొస్తాడని చెప్పడం ఆమెకి ఎలా ఉండేదో నేను అడగలేదు. ఒకసారి, ఇంకా చెప్పమంటే బాగుండునని తనే అంది. చెప్తుంటే ఉన్నట్టే ఉంటడు.

సర్జన్ అడిగినప్పుడు ఆమె నా వైపు చూసింది. నేను తల ఊపాను.

"సార్, నా కొడుకు రాడు. మార్చిల పోయిండు. నేనే అబద్ధం చెప్పిన, ఈమె కాదు."

గుండె డాక్టరు కూడా అక్కడే ఉన్నారు. ఆయనే అన్నారు, ఇలాంటివి దాచకూడదమ్మా, మాకు అన్నీ తెలియాలి అని. కసురుకోలేదు, మామూలుగానే అన్నారు.

నేను అప్పటిదాకా ఆసుపత్రిలో ఎదురు మాట్లాడలేదు. ఆ రోజు మాట్లాడాను. "ముందే చెప్పి ఉంటే, మొదటిరోజే ఎకో రాసేవారా?"

ఆయన వెంటనే అవునని ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, రాసేవాణ్ణనే అనుకుంటున్నాను, కానీ ఒట్టు వేయలేను అన్నారు. అప్పటి నుంచి ఆయన మీద నాకు గురి కుదిరింది. ఆ కుర్చీలో కూర్చున్న మనిషి అంతమాత్రం ఒప్పుకోవడం నేను ఇంతకు ముందు చూడలేదు.

సంతకాలు అన్నయ్యా అత్తమ్మా పెట్టారు. అత్తమ్మ తన పేరు కూడబలుక్కుంటూ తెలుగులో రాసింది.

నవంబరు

ఆపరేషన్ గురించి నాకు తెలిసింది తక్కువ. స్పృహ వచ్చేసరికి గొంతులో గొట్టం, పక్కలో గొట్టాలు. దగ్గు వస్తే ఛాతీ విడిపోతున్నట్టు ఉండేది. దగ్గేటప్పుడు గట్టిగా పట్టుకోమని ఒక చిన్న దిండు ఇచ్చారు. అత్తమ్మ దాన్ని చూసి, చిన్నపిల్ల లెక్క బొమ్మ ఇచ్చిండ్రా అంది. నవ్వించకండి అన్నాను. అదేమన్న తప్పా అని ఇంకా నవ్వించింది.

ఇంటికి వచ్చిన రోజు క్యాబ్ డ్రైవరు నేను దిండు పట్టుకున్న తీరు చూసి సంగతి గ్రహించాడు. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా ముందే, అమ్మా వస్తోంది, పట్టుకోండి అని చెప్పి బండిని నడకలాగా పోనిచ్చాడు. వెనకనుంచి హారన్లు కొడుతూనే ఉన్నారు. అతను అద్దంలో కూడా చూడలేదు.

రిపోర్టు కోసం ఎదురుచూసిన రోజులే అన్నిటికన్నా కష్టం. గడ్డ ముక్కలు ఇంకో ఊరి ల్యాబుకి కూడా పంపారు. అత్తమ్మ తులసి దగ్గర దీపం పెట్టేది కానీ ఏమీ మొక్కుకోలేదట. అడిగితే, వాని కోసం మొక్కిన మొక్కులే ఇంక బాకీ ఉన్నయి, ఇగ కొత్తయి ఎట్ల మొక్కాలె అంది.

సాలిటరీ ఫైబ్రస్ ట్యూమర్ అని తేలింది. మెల్లగా పెరిగే రకం. పూర్తిగా వచ్చేసింది, అంచుల్లో మిగల్లేదు. మంచి వార్తే, కానీ ఇదే ఆఖరి వార్త కాదు అన్నారు డాక్టరు. ఇది ఏళ్ళ తర్వాత కూడా తిరిగి రావచ్చు, కాబట్టి క్రమం తప్పకుండా స్కాన్లు తీయించుకుంటూ ఉండాలి. సరేనన్నాను. ఇంకొక్కటి అడిగాను. ఇది ఎప్పటి నుంచి ఉండి ఉంటుంది?

కచ్చితంగా చెప్పలేం, కానీ ఇంత సైజుకి రావడానికి చాలా ఏళ్ళు పట్టి ఉంటుంది అన్నారు.

ఆ జవాబు నాకు రిపోర్టంత ముఖ్యం. ఎందుకంటే అప్పటికే కొత్త మాట మొదలైంది. పై ఫ్లోరు ఆవిడ పండ్లు తెచ్చి, ఆ బెంగే లోపల గడ్డ కట్టింది తల్లీ అంది. అన్నయ్య స్నేహితులు అన్నారు. ఆఫీసులో ఒకరు ఇంగ్లీషులో అదే అన్నారు. ఇప్పుడు రోగం నిజమని అందరూ ఒప్పుకున్నారు, దానికి రవీందర్‌ని కారణం చేశారు. ముందు అతని చావుని అడ్డం పెట్టి నా జబ్బుని కనబడనీయలేదు. తర్వాత నా జబ్బుని అతని చావు ఖాతాలో రాశారు. ఆ గడ్డ అతను బతికున్నప్పుడే నాలో ఉంది. మేమిద్దరం కలిసి మూసాపేటలో పాత ఫర్నిచరు బేరమాడినప్పుడు ఉంది. ఎండాకాలం మేడ మీద మామిడికాయ ముక్కలు ఎండబెట్టి, కోతులు ఎత్తుకెళ్తే పోట్లాడుకున్నప్పుడు ఉంది. అతనికి తెలీదు, నాకూ తెలీదు. అతను నాకు ఏ రోగమూ ఇచ్చి పోలేదు. పై ఫ్లోరు ఆవిడకి అదే చెప్పాను, ఇంత పొడుగ్గా కాదు కానీ. ఆవిడ మళ్ళీ పండ్లు తేలేదు. పర్వాలేదు.

ఆఫీసు వాళ్ళు ఉమెన్స్ డేకి నన్ను మాట్లాడమన్నారు. నేను ఎలా పోరాడి గెలిచానో చెప్పాలట. నేను పోరాడలేదు, నన్ను కోశారు, నేను కోలుకున్నాను అన్నాను. పోరాడింది జబ్బుతో కాదు, నా మాట వినని మర్యాదస్తులతో, కావాలంటే దాని గురించి మాట్లాడతానన్నాను. తర్వాత చెప్తామన్నారు. ఇంతవరకూ చెప్పలేదు.

ఇది చదివేవాళ్ళలో ఈమధ్యే ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్ళు ఉంటే, నాకు తెలిసిన ఒక్క సంగతి చెబుతాను. మీ ఒంట్లో ఏదైనా తేడా చేస్తే, ఎప్పుడు ఎక్కువవుతోందో, ఎప్పుడు తగ్గుతోందో మీరే గమనించి పెట్టుకోండి. డాక్టరు ముందు మొదట అదే చెప్పండి. మీ వెంట వచ్చినవాళ్ళని నోరు తెరవనివ్వకండి. అందరూ దాచి అబద్ధాలు చెప్పమని నేననను. అత్తమ్మ లాంటి మనిషి అందరికీ దొరకదు.

ఈ ఏడాది

మొదటి స్కాన్‌కి వెళ్ళినప్పుడు గుండె డాక్టరు సెలవులో ఉన్నారు. కొత్తగా చేరిన డాక్టరమ్మ చూసింది. ఆపరేషన్ సంగతి అడిగింది, చెప్పాను. ఆయాసం, వాపు, నిద్ర, అన్నీ అడిగింది, చెప్పాను. మీవారు అంది. చనిపోయారు అన్నాను. ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. రాసుకోండి, కానీ అది వేరే విషయం అన్నాను. ఆమె నా ముఖం చూసి, రాసుకుని, స్కాన్ గది వైపు చెయ్యి చూపించింది.

సాయంత్రానికి ఫలితం వచ్చింది. ఎక్కడా ఏమీ లేదు. నీరు లేదు, గడ్డ లేదు. ఆరు నెలల తర్వాత రమ్మన్నారు.

బయట పార్కింగ్ దగ్గర చిన్న గట్టు ఉంది, అక్కడ అత్తమ్మ కూర్చుని ఉంది. ఏమన్నరని అడిగింది. ఏమీ లేదన్నారని చెప్పాను. మల్లొకసారి చెప్పమంది. మళ్ళీ చెప్పాను. ఆరు నెలల దాకా ఫికర్ లేనట్టేనా అని అడిగింది. లేనట్టే అన్నాను. ఆమె కాసేపు ఎదురుగా వెళ్తున్న కార్లని చూసింది.

"అయితే ఇగ వాని కోసం ఏడుద్దాం పా."

నేను ఆమె పక్కన కూర్చున్నాను. రవీందర్ పోయాక మేమిద్దరం ఒకచోట కూర్చుని ఏడవడం అదే మొదటిసారి. నెమ్మదిగా కాదు, గట్టిగానే ఏడ్చాం. ఛాతీ ఎముక అతుక్కున్న చోట కొద్దిగా లాగింది, అయినా ఆపలేదు. ఆపాల్సిన అవసరం ఇప్పుడు లేదు. గేటు దగ్గరి సెక్యూరిటీ అమ్మాయి కంగారుగా వచ్చి, డాక్టర్ని పిలవమంటారా అమ్మా అని అడిగింది.

అత్తమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని తల అడ్డంగా ఊపింది.

"వద్దు బిడ్డా. మాకేం రోగం లేదు. మనిషి పోయిండు."